గాజుల ముక్కలు



ఓడలరేవులో వైనతేయ సముద్రమున కలియు చోట, ఒక బాప్తిస్మపు ఉదయమున నేను నిలిచియుంటిని. నీళ్లలోనికి దిగబోవు ఒక చిన్న కోడలిని సంఘపు పెద్దయొకడు ఆపి, “అమ్మాయీ, ముందు బొట్టు తుడుచుకో, గాజులు తీసెయ్యి” అనెను. గాజులు బిగువుగా నుండినందున రాతితో పగులగొట్టిరి. ఆమె భర్త అప్పుడు వేటకు పోయి సముద్రముమీద ఉన్నాడు. ఒడ్డుననున్న అత్తగారు ఆ చప్పుడు విని గుండె బాదుకొనెను. మన దేశములో ఆడుదాని గాజులు ఎప్పుడు పగులగొట్టుదురో మీకు తెలియును. పిల్ల ఏడ్చుచునే నీళ్లలోనికి దిగెను. నేను నోరు మెదపలేదు. అది నా తప్పు.

తరువాత అడుగగా ఆ పెద్ద, “పేతురు వ్రాయలేదా అయ్యగారూ?” అనెను. వ్రాసెను. అయితే ఆయన జడలను, బంగారమును, వస్త్రములను ఒకే వరుసలో పెట్టెను. మనవారు జడ విప్పించరు, వస్త్రముల మాట ఎత్తరు. పేదరాలి మట్టిగాజు మాత్రము వారి కంటికి ఆనును. (అడిగినవాని వ్రేలికి బంగారుటుంగరముండెను. అది సువార్తకు అడ్డము కాదు కాబోలు!) తీతునకు సున్నతి కావలెనని బలవంతము చేయగా పౌలు ఎంతమాత్రము ఒప్పుకొనలేదు. ఆ పౌలే తిమోతికి తానుగా సున్నతి చేయించెను. కార్యమొక్కటే, బలవంతమున్న చోట ఆయన ఎదిరించెను.

తిరువాన్కూరులో క్రీస్తునొద్దకు వచ్చిన నాడారు స్త్రీలు రొమ్ము కప్పుకొనగా, పైకులములవారు ఆ బట్టలను బహిరంగముగా చింపిరి. 1859లో రాజు ప్రకటన చేసి కప్పుకొననిచ్చెను. అప్పుడును పైకులపు స్త్రీలవలె కాదని షరతు పెట్టెను. ఆ కథ మనము గర్వముగా చెప్పుకొందుము. మరి 2022లో కర్ణాటకలో ముస్లిము బాలికలను ముసుగు తీయనిదే తరగతికి రానీయనప్పుడు, మన సంఘములలో కొందరు సంతోషించిరేమి? ఆ యేడే ఇరానులో ముసుగు సరిగా లేదని పట్టుకొనబడిన 22 ఏండ్ల మహ్సా అమీనీ, పోలీసుల చెరలో స్పృహ తప్పి మరణించెను. అక్కడ కప్పుమనిరి, ఇక్కడ తీయుమనిరి. మన పెద్ద పగులగొట్టుమనెను.

“అట్లయిన లోకమునకును మనకును తేడా యేమి?” అందురు. మా అమ్మ తనంతట తానే గాజులు విడిచినది, ఎవరును అడుగలేదు. పొరుగామె చేతులవైపు మాత్రము ఎన్నడును వ్రేలు చూపలేదు. తేడా నేనక్కడ చూచితిని.

ఆ కోడలి భర్త మరునాడు క్షేమముగా తిరిగివచ్చెను. ఆమె నాలుగు నెలలు ఆరాధనకు రాలేదు. అత్తగారు నన్ను చూచి తలుపు వేసికొనెను. నేను మూడుమార్లు వెళ్లి క్షమాపణ వేడుకొంటిని. పోయిన నెల అత్తాకోడండ్లిద్దరును వచ్చి వెనుక చాపమీద కూర్చుండిరి. కోడలి చేతులనిండ ఎఱ్ఱని మట్టిగాజులు. ఆ చేతిలోనే ప్రభువు బల్లరొట్టె పెట్టితిని. పెద్ద లేచి బయటికి పోయెను.