గరికకి ఆకలి తక్కువ, మన తొందరే ఎక్కువ

ఈ వారం వీడియో గోల్ఫ్ కోర్సులో తీశాను. "ప్రకృతి వ్యవసాయం చేసేవాడికి గోల్ఫ్‌తో ఏం పని?" అని మీలో చాలామందికి అనిపిస్తుంది. నాకూ మొదట అలాగే అనిపించింది. చేవెళ్ల దగ్గర మాకు మూడెకరాల కూరగాయలు, ఎకరంన్నర లాన్ గడ్డి నర్సరీ ఉన్నాయి. గడ్డి అమ్మే పని మీదే రెండేళ్ల కిందట హైదరాబాద్ శివార్లలో ఒక 9 హోల్స్ కోర్సుకి వెళ్ళాను. తర్వాత అక్కడి గడ్డి సంరక్షణ కాంట్రాక్టు కూడా నాకే వచ్చింది. ఆ అనుభవంతో ఒక మాట చెప్తాను. మన వేడి ప్రాంతాల్లో గోల్ఫ్ గడ్డికి కొట్టే మందుల్లో ఎక్కువ భాగం, నీళ్ళు, కోత, గాలి ఈ మూడింటి దగ్గర మనం చేసే తప్పులకి కట్టుకునే జరిమానా.

ముందు ఆ గడ్డి ఏంటో చూద్దాం. వాళ్ళు బెర్ముడా అనేది మన గరికనే. వినాయక చవితికి వెతికి మరీ తెస్తాం, చేలో కనిపిస్తే పీకి పారేస్తాం. కోర్సుల్లో వేసేది ఎక్కువగా దాని సంకర రకాలు. టిఫ్‌డ్వార్ఫ్, టిఫ్‌వే 419 లాంటివి. అమెరికాలో జార్జియా రాష్ట్రం టిఫ్టన్‌లో తయారయ్యాయి కాబట్టి పేర్లలో ఆ ‘టిఫ్’. మామూలు గరికకీ ఒక ఆఫ్రికా గరికకీ పుట్టిన టిఫ్‌వేకి విత్తనం రాదు. కాడలు నాటుకోవాలి, లేకపోతే చాపలాగా కోసి తెచ్చి పరవాలి. మా నర్సరీలో చేసేది అదే.

ఈ గడ్డి మొక్కజొన్న, చెరకు లాంటిదే. ఎండంటే ఇష్టం. 27 నుంచి 35 డిగ్రీల వేడిలో హాయిగా పెరుగుతుంది, నీడలో మాత్రం పలచబడిపోతుంది. అంటే మన దగ్గర దాన్ని పెంచడం పెద్ద పని కాదు, అదుపులో ఉంచడమే పని. కానీ నా చేతికి వచ్చిన కాంట్రాక్టు కాగితంలో ఏముందో తెలుసా? పదిహేను రోజులకోసారి యూరియా, నెలకి రెండుసార్లు శిలీంద్రనాశిని. గడ్డి బాగున్నా, బాగోకపోయినా అంతే. ఎండాకాలం, వానాకాలం అన్న తేడా కూడా లేదు.

మొదటి జూలైలోనే దెబ్బ తగిలింది. వారం రోజులు ముసురు. మూడు గ్రీన్ల మీద గుండ్రటి గోధుమరంగు మచ్చలు వచ్చాయి. నేను మన పద్ధతి చూపిద్దామని జీవామృతం కలిపి, సరిగ్గా వడకట్టకుండానే స్ప్రింక్లర్ లైన్లోకి పంపాను. నాజిల్స్ మూసుకుపోయాయి. వాసనకి ఆడేవాళ్ళు ముక్కు మూసుకున్నారు. మచ్చలు మాత్రం ఇంకా పెద్దవయ్యాయి. చివరికి ఒకసారి శిలీంద్రనాశిని కొట్టాను, దాచను. ఆ రోజు రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు అక్కడ పని చేసే పెద్ద మాలితో, "కాకా, ఇదేందే, ఏం చేసినా తగ్గుతలేదు?" అన్నాను. ఆయన నవ్వి, "వాన పడుతుంటే గూడ రాత్రి పదింటికి ఆ టైమర్ నీళ్ళు కొడుతనే ఉన్నది బిడ్డా. అది బంద్ జెయ్యి, సగం రోగం పోతది" అన్నాడు. వెళ్ళి చూస్తే నిజమే. ఎండాకాలంలో పెట్టిన టైమర్‌ని ఎవరూ ముట్టుకోలేదు. డిప్లొమా చదివిన నేను కూడా చూడలేదు.

నీళ్ళు. ఆకు రాత్రంతా తడిగా ఉంటే శిలీంద్రానికి పండగే. అందుకే నీళ్ళు తెల్లవారుజామున పెట్టాలి, ఎండ రాగానే ఆకు ఆరిపోవాలి. ఫెయిర్‌వే మట్టిలో రోజూ కాస్త చల్లడం కన్నా నాలుగు రోజులకోసారి లోతుగా తడపడం మేలు, వేరు కిందికి దిగుతుంది. ఒక పొడవాటి స్క్రూడ్రైవర్ గుచ్చి చూడండి, సులువుగా దిగితే ఆ రోజు నీళ్ళు అక్కర్లేదు. వీడియోలో ఇది చూపించాను. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు నీళ్ళంటే 4,000 లీటర్ల పైమాటే. 5 మిల్లీమీటర్లు పెడితే 20,000 లీటర్లు. యాభై ఎకరాల కోర్సుకి ఒక్క రోజుకి 10 లక్షల లీటర్లు. పక్క ఊళ్ళో బోర్లు ఎండుతుంటే ఆ నీళ్ళు బోరు నుంచి తోడడం నా దృష్టిలో తప్పు. శుద్ధి చేసిన మురుగునీరు వాడాలి. ఉప్పు శాతం చూసుకుంటే గరిక దాన్ని తట్టుకుంటుంది. ఇంకా ఉప్పు ఎక్కువైన చోట సీషోర్ పాస్పాలం అనే గడ్డి ఉంది.

కోత. గ్రీన్ మీద గడ్డి 3, 4 మిల్లీమీటర్ల ఎత్తే ఉంటుంది. ఫెయిర్‌వేలో 12 నుంచి 18. ఎంత పొట్టిగా కోస్తే వేరు అంత పైనే ఉండిపోతుంది, ఆకు తగ్గితే తిండి తయారీ తగ్గుతుంది కదా. ఒక్క కోతలో మూడో వంతుకి మించి తియ్యకూడదు. ముసురు రోజుల్లో ఎండ ఉండదు కాబట్టి ఎత్తు కాస్త పెంచాలి. బ్లేడుకి సాన పట్టాలి. మొద్దు బ్లేడు ఆకుని కొయ్యదు, చీల్చేస్తుంది. ఆ చీలికల్లోంచే తెగులు దూరుతుంది. నేను చేరేటప్పటికి అక్కడ బ్లేడుకి సాన పట్టి ఎన్ని నెలలైందో ఎవరికీ గుర్తులేదు. మందు బిల్లులు మాత్రం తారీఖులతో సహా ఉన్నాయి.

గాలి. మనుషులు, బళ్ళు తిరిగి నేల గట్టిపడుతుంది. కాడలు, వేళ్ళు పేరుకుని కింద మెత్తలాగా తయారవుతుంది. నీళ్ళు ఆ మెత్తలోనే ఆగిపోతాయి. దానికి మందు లేదు. బోలు మేకుల యంత్రంతో నేల నుంచి చిన్న చిన్న మట్టి కడ్డీలు తీసేసి, ఆ రంధ్రాల్లో ఇసుక నింపాలి. గడ్డి జోరుగా పెరిగే రోజుల్లోనే చెయ్యాలి. మా దగ్గర వానలకి ముందు ఒకసారి, వానలు తగ్గాక సెప్టెంబరు చివర్లో ఒకసారి చేశాం. రెండు మూడు వారాల్లో పూడిపోయింది. డిసెంబరు, జనవరిలో చెయ్యకండి, అప్పుడు గరిక నిద్రమత్తులో ఉంటుంది, రంగు కూడా తగ్గుతుంది. ఆ రంగు చూసి కంగారుపడి యూరియా గుప్పించడం ఇంకో తప్పు. ఎక్కువ నత్రజని అంటే మెత్తటి ఆకు, మందపాటి మెత్త, ఎక్కువ డీజిలు, ఎక్కువ తెగులు.

మరి మన పద్ధతి పూర్తిగా పనికొస్తుందా? నిజం చెప్పాలి. గ్రీన్ అంటే దాదాపు 30 సెంటీమీటర్ల ఇసుక పొర, కింద కంకర, పైపులు. ఇసుక పోషకాన్ని పట్టి ఉంచదు. ఒట్టి జీవామృతంతో అక్కడ బండి నడవదు, ఘనజీవామృతం వేస్తే ఇసుక రంధ్రాలు మూసుకుంటాయి. అక్కడ కొంచెం కొంచెంగా పోషకం ఇవ్వాల్సిందే, ఎప్పుడైనా ఒకసారి మందూ తప్పకపోవచ్చు. కానీ మా కోర్సులో తొమ్మిది గ్రీన్లూ కలిపితే ఎకరంన్నర లోపే. మిగతా నేలంతా మట్టే. అక్కడ కోసిన గడ్డి అక్కడే వదిలేస్తే ఎరువైపోతుంది. పలచబడిన చోట జల్లెడ పట్టిన వర్మీకంపోస్టు, బాగా వడకట్టిన జీవామృతం పనిచేశాయి. తుంగ మొలిచిన చోట మందు కొట్టే ముందు నీళ్ళు ఎందుకు నిలుస్తున్నాయో చూశాం. చాలా చోట్ల చిన్న కాలువ తీస్తే తగ్గింది. ఎకరంన్నర కష్టం చూపించి యాభై ఎకరాలకీ అదే మందు కొట్టడం న్యాయం కాదు.

టైమర్ ఆపి, బ్లేడు మార్చి, ఎత్తు పెంచాక మచ్చలు మళ్ళీ రాలేదు. ఆగస్టులో నేను ఒక్క స్ప్రే కూడా చెయ్యలేదు. నెలాఖరు బిల్లులో ఆ రెండు స్ప్రేల డబ్బు కోసేశారు. "కాగితంలో ఉన్న పని చెయ్యలేదు కదా" అన్నారు. మందు కొట్టనందుకు కోత పడింది, గడ్డి బాగైనందుకు మాత్రం పైసా లేదు. ఇలాంటి కాగితం ఉన్నంతకాలం ఏ కాంట్రాక్టరూ మందు మానడు, వాడికీ కూలీలకి జీతాలివ్వాలి.

అందుకే నేను అడిగేది ఒక్కటే. కోర్సు అయినా, గేటెడ్ కమ్యూనిటీ లాన్ అయినా, కాంట్రాక్టులో స్ప్రేల లెక్క తీసెయ్యండి. వేరు ఎంత లోతుంది, మెత్త ఎంత మందం, నీళ్ళు ఎన్ని వాడారు, ఈ మూడు కొలిచి డబ్బులివ్వండి. రోజూ మోకాళ్ళ మీద కూర్చుని గడ్డి చూసే మాలికి జీతం పెంచండి. నా కొత్త కాంట్రాక్టు కాగితంలో ఈ మూడూ రాయించుకున్నాను. వేరు కొలిచే పద్ధతి వచ్చే వీడియోలో చూపిస్తాను. అప్పటిదాకా మీ లాన్‌లో ఒక స్క్రూడ్రైవర్ గుచ్చి చూడండి. ఉంటానండి.