ఏ ఊరమ్మా మీది?

బుజ్జితల్లికీ, నీ ఈడు పిల్లలందరికీ అమ్మమ్మ దీవెనలు.

ఫోనులో చెబితే మధ్యలో ఎవరో పిలుస్తారు, మీరు వెళ్ళిపోతారు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఈ ఉత్తరమంతా ఒక్క మాట గురించి. మన ఇంట్లోనూ మన సోలై నగర్ వీధుల్లోనూ పొద్దస్తమానం వినిపించే మాట, ఫారినర్. “అది ఫారినర్లు వెళ్ళే హోటలు”, “ఆ స్కూటరు ఫారినర్‌కి అద్దెకిస్తే రెట్టింపొస్తుంది”, “ఎవరో ఫారినర్ దారి అడుగుతుంటే చెప్పాం”. బెంగుళూరు నుంచో చెన్నై నుంచో శనాదివారాలకు వచ్చేవాళ్ళయితే టూరిస్టులు. కట్టడం పనికి వచ్చిన బీహారు, ఒడిశా కుర్రాళ్ళయితే హిందీవాళ్ళు. మీ నోట ఇవి తిట్లుగా రావని నాకు తెలుసు. కానీ తల్లీ, ఆ వాక్యాలు వింటుంటే వాటిలో మనిషి కనపడడు. పేరుండదు, ఊరుండదు, వెనక ఎదురుచూసే ఇల్లు ఉండదు. నాకు దిగులంతా దాని గురించే.

నా పుట్టిల్లు బందరు కదా. చిన్నప్పుడు పరాసుపేట, వలందపాలెం, ఇంగ్లీషుపాలెం అని రోజూ అనేవాళ్ళం, అర్థం తెలియకుండానే. పరాసులంటే ఫ్రెంచివాళ్ళు, వలందులంటే హాలండు నుంచి వచ్చిన డచ్చివాళ్ళు. డచ్చివాళ్ళు పదిహేడో శతాబ్దం మొదట్లోనే బందరు రేవుకొచ్చారు, ఇంగ్లీషువాళ్ళు 1611లో కొఠీ పెట్టారు, ఫ్రెంచివాళ్ళు 1669లో పెట్టారు. ఆ తరవాత అయిదేళ్ళకు, 1674లో, ఆ ఫ్రెంచివాళ్ళే ఈ పుదుచ్చేరిలో దిగారు. వీళ్ళందరికంటే ముందు మన సముద్రంలోకి వచ్చిన పోర్చుగీసువాళ్ళకు మనవాళ్ళు పెట్టిన పేరు బుడతకీచులు. ఒక్కసారి ఆలోచించు. అందరూ తెల్లగానే ఉన్నారు, అందరూ ఓడల మీదే వచ్చారు, అందరూ కొనాలనుకున్నది మన బట్టే. అయినా ఆ రోజుల్లోని తెలుగువాళ్ళు వాళ్ళందరినీ ఒకే మాట కింద తొయ్యలేదు. ఎవరిది ఏ దేశమో తెలుసుకున్నారు, ఆ పేరును తమ నోటికి తగ్గట్టు మలుచుకుని పలికారు. అవసరం కొద్దీ తెలుసుకుని ఉండొచ్చు. పరాసువాడి లెక్క వలందువాడి ఖాతాలో రాస్తే వ్యాపారం సాగదు. అవసరం కొద్దీ అయినా, అడగడమంటూ అలవాటయింది. మన పేటల పేర్లలో ఇవాళ్టికీ అది నిలిచి ఉంది.

అప్పటివాళ్ళంతా ఉత్తములని నేననను. మ్లేచ్ఛులన్న మాటా మన పుస్తకాల్లోదే. వచ్చినవాళ్ళూ అందరూ మంచికి రాలేదు. ఫ్రాంకులనే జాతి పేరు మన దాకా వచ్చేసరికి ఫిరంగి అయింది, చివరికి గుండ్లు పేల్చే గొట్టానికి ఆ పేరు స్థిరపడింది. వాళ్ళు ఏం పట్టుకుని దిగారో ఆ ఒక్క మాటే చెబుతుంది.

ఇక మన ఊరి సంగతి. ఇక్కడ ఫారినర్ అన్న మాట మరీ ఎక్కువ పొరపాటు చేయిస్తుంది. ముత్యాల్‌పేట బజారులో ఒకావిడ ఫ్రెంచిలో ఫోను మాట్లాడుతుంటే, కూరల దగ్గర నిలబడ్డ పిల్లలు ఫారినర్ ఫారినర్ అని గుసగుసలాడారు. ఆవిడ ఫోను పెట్టేసి మునక్కాడలు బేరం చేసింది చూడూ, అంత చక్కని తమిళం ఇన్నేళ్ళయినా నాకు రాలేదు. వాళ్ళ నాయనమ్మ ఇల్లు ఇక్కడి వీధిలోనే ఉండేదట. ఇందులో వింతేమీ లేదు తల్లీ. ఫ్రెంచివాళ్ళు ఏలిన ఈ ఊరిని ఇండియాకు అప్పగిస్తూ రెండు దేశాలకూ 1956లో ఒప్పందం కుదిరి, 1962 ఆగస్టు 16న అమల్లోకి వచ్చింది. ఇక్కడ పుట్టినవాళ్ళు కావాలంటే ఆరు నెలల్లోగా ఫ్రెంచి పౌరులుగా ఉండిపోతామని రాసివ్వొచ్చని అందులో ఉంది. కొన్ని కుటుంబాలు అలాగే రాసిచ్చాయి. ఫ్రెంచి సైన్యంలో పనిచేసి పింఛను తెచ్చుకునేవాళ్ళను ఇక్కడ సొల్దా అంటారు, మీరూ వినే ఉంటారు. అలాంటి ఇళ్ళ మనవలు ఇవాళ పారిస్ నుంచి సెలవులకొస్తే, తాతలు పుట్టిన వీధిలోనే వాళ్ళకు పరాయి పేరు పెట్టి పిలుస్తున్నాం. ఎంత అన్యాయం!

మనమెవరం ఇక్కడ? మీ తాతయ్య యానాం నుంచి ఉద్యోగానికొచ్చారు, ఆయన వెనకాల నేనొచ్చాను. యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోదే, కాగితం మీద మనం బయటివాళ్ళం కాదు. అయినా తెలుగువాళ్ళను వెక్కిరించే గొల్టీ అన్న మాట నాకు ఎరుకే. రేషను వరుసలో వెనకనుంచి ఎవరో అంటే, తిరిగి చూడకుండా సంచి గట్టిగా పట్టుకునేదాన్ని. పాత తమిళంలో మనవాళ్ళకు వడుగరని పేరు, ఉత్తరం నుంచి వచ్చినవాళ్ళని. ఇప్పుడు మీ స్నేహితులు బెంగాలీ కుర్రాణ్ణి వడక్కన్ అంటున్నారే, అదీ ఆ దిక్కు పేరులోంచి పుట్టిందే. నిన్న మన మీద ఉన్నదాన్ని ఇవాళ ఇంకొకరి భుజం మీదికి మార్చి, మనం తేలిగ్గా ఉన్నామనుకుంటున్నాం. తప్పు మీది కాదు నాన్నా. భోజనాల దగ్గర ‘వీళ్ళొచ్చి అద్దెలు పెంచేశారు’ అని మేం పెద్దవాళ్ళం అన్నవే మీకు మాటలయ్యాయి. మీకు అన్నం పెట్టేటప్పుడు ఇలాంటివీ వడ్డించాం.

ఒక మాట అందరికీ సరిపెట్టేస్తే జరిగే చెడు ఇంకొకటుంది. తప్పంతా తెచ్చి ఆ మాట మీద వేసేస్తాం. “మన బీచి టూరిస్టుల వల్ల పోయింది” అని మొన్న మీలో ఒకరన్నారు. సీసాలు పారేసేవాళ్ళున్నారు, నిజమే, నాకూ ఒళ్ళు మండుతుంది. కానీ ఇసుక పోయింది వాళ్ళ వల్ల కాదు. 1980ల చివర్లో దక్షిణాన, అరియాంకుప్పం ఏరు కలిసే చోట రేవు కోసం సముద్రంలోకి రాతిగోడలు కట్టారు. అలలతో ఉత్తరానికి జరుగుతూ రావలసిన ఇసుక అక్కడే ఆగిపోయింది. ఊరు ముందున్న తీరం కోసుకుపోయింది, కాపాడుకోవడానికి బండరాళ్ళు పోశారు. రెండు రోజులుండి పోయేవాడి మీద కోప్పడితే పడవ లాగడానికి ఇసుక లేని బెస్తవాళ్ళకు ఏం న్యాయం జరుగుతుంది చెప్పు?

ఈ ఊరికి ఎలాంటివాళ్ళు తలదాచుకోవడానికి వచ్చారో తెలుసా! 1908లో తమిళ కవి సుబ్రహ్మణ్య భారతి వచ్చాడు, 1910 ఏప్రిల్ 4న అరవిందులు ఓడ దిగారు. ఇద్దరినీ బ్రిటిషు పోలీసులు వెతుకుతున్నారు, ఈ ఊరేమో అప్పుడు ఫ్రెంచివాళ్ళది. అరవిందులకు మొదటి ఆరు నెలలు ఆశ్రయమిచ్చింది కోమటి చెట్టి వీధిలోని శంకర చెట్టి గారి ఇల్లు. ఆ వీధి పేరులోనే మన తెలుగువాళ్ళ జాడ ఉంది కదా. వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుంటే వేగులవాళ్ళు గుమ్మం ముందు తిరుగుతారని తెలిసీ తలుపు తీశారు. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

మా అమ్మ ఎవరొచ్చినా “చుట్టాలొచ్చారు, మంచినీళ్ళివ్వండి” అనేది. రక్తసంబంధం ఉన్నా లేకపోయినా ఒకటే మాట, ఆ వెంటనే “ఏ ఊరమ్మా మీది?” అన్న ప్రశ్న. అదొక్కటి మీరు నిలబెట్టుకుంటే నాకు చాలు. ‘ఫారినర్ దారి అడిగాడు’ అనే బదులు ‘లియాన్ నుంచి వచ్చినాయన దారి అడిగాడు’ అనండి. ‘హిందీవాడు గోడ కట్టాడు’ కాదు, ‘గయ నుంచి వచ్చిన మేస్త్రీ కట్టాడు’ అనండి. ఊరు అడగమన్నానని ఎవరి వెంటా వెళ్ళకండి ఆడపిల్లలూ, చీకటి పడేసరికి ఇంట్లో ఉండండి. పలకరింపు వేరు, నమ్మకం వేరు. అడిగితే చెప్పడం ఇష్టం లేనివాళ్ళుంటారు, వాళ్ళను వదిలెయ్యండి. రేపు మీరూ ఏ టొరంటోలోనో హైదరాబాదులోనో అద్దె ఇంటి మెట్ల మీద కొత్తగా నిలబడతారు. అక్కడ మీ పేరూ ఊరూ అడిగేవాళ్ళు దొరకాలని రోజూ దీపం పెట్టేటప్పుడు కోరుకుంటున్నాను.

బుజ్జీ, సంక్రాంతి సెలవులకు నీతో ఒక స్నేహితురాలు వస్తోందన్నావు. ‘నార్త్ అమ్మాయి’ అన్నావు గానీ ఊరు చెప్పలేదు. కనుక్కుని రాయి. ఏం తింటుందో, మన కారం తట్టుకుంటుందో లేదో కూడా రాయి, అరిసెల పిండికి బియ్యం ఎంత నానబెట్టాలో లెక్క చూసుకోవాలి.

ఆయురారోగ్యాలతో, చదువుసంధ్యలతో వర్ధిల్లండి.

మీ అమ్మమ్మ,
సోలై నగర్, పుదుచ్చేరి