మాస్టారి చూపు

తొమ్మిదో తరగతి గదిలో మాస్టారు ప్రశ్న అడగడం పూర్తికాకముందే ముందు బెంచీలోంచి ఓ చెయ్యి లేస్తుంది. ‘సార్, నేను చెప్తా సార్!’ ఆయన చూపు అలవాటుగా అటే తిరుగుతుంది. జవాబు సరిగానే వస్తుంది, పాఠం ముందుకు నడుస్తుంది. మూడో వరుసలో సగం లేచిన మరో చెయ్యి చప్పున దిగిపోయిన సంగతి ఎవరి కంటా పడదు. స్టాఫ్‌రూమ్ నుంచి సుద్దముక్కలు తేవడం, హాజరుపట్టీ అందించడం, దిద్దాల్సిన నోటుపుస్తకాలు పోగుచేయడం, టీచరు రానప్పుడు అల్లరి చేసినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయడం- ఈ చిన్నచిన్న పెత్తనాలన్నీ ఏడాది పొడుగునా ఇద్దరు ముగ్గురికే దక్కుతుంటాయి. స్వయంపాలన దినోత్సవం నాడు చీర కట్టుకుని ప్రధానోపాధ్యాయురాలి కుర్చీలో కూర్చునేది, కలెక్టరు వేషంలో తనిఖీకి వచ్చేది కూడా చాలాచోట్ల ఆ పిల్లలే. ఇందులో ఎవరికీ దురుద్దేశం ఉండదు. అయినా మాస్టారికి కావలసినవారెవరో, కానివారెవరో దసరా సెలవులు రాకముందే తరగతిలో అందరికీ తెలిసిపోతుంది.

ఉపాధ్యాయులూ మనుషులే. చెప్పింది ఇట్టే అందుకునే పిల్లను చూస్తే వాళ్లకు ముచ్చటేస్తుంది. నలభై అయిదు నిమిషాల పీరియడ్‌లో సిలబస్ లాగాలి, నోట్సులు దిద్దాలి, యాప్‌లో హాజరు వేయాలి, మధ్యాహ్న భోజనం లెక్క చూడాలి. ఇన్నింటి నడుమ ‘అర్థమైంది సార్’ అని తలూపే ఒక్క ముఖం ఎంత ఊరటో పాఠం చెప్పేవారికే తెలుసు. ఒక బిడ్డ మీద కాస్త ఎక్కువ అభిమానం కలగడాన్ని తప్పుపట్టలేం. ఆ అభిమానం వెంట సమయం, అవకాశం, ఓర్పు కూడా ఆ ఒక్కరి వైపే వెళ్లిపోవడం దగ్గరే చిక్కు. అభిమానం గురువు సొంతం కావచ్చు. తరగతిలోని సమయం మాత్రం పిల్లలందరిదీ.

ఈ చిక్కు భారతమంత పాతది. ద్రోణుడు శిష్యులందరినీ నీళ్లకు పంపేటప్పుడు సన్నమూతి కమండలాలిచ్చి, కొడుకు అశ్వత్థామకు మాత్రం వెడల్పుమూతి పాత్ర ఇచ్చేవాడట. అతను ముందుగా నింపుకొని వస్తే, మిగతావాళ్లు వచ్చేలోగా నాలుగు ముక్కలు ఎక్కువ నేర్పవచ్చని ఆ తండ్రి ఆలోచన. అర్జునుడు అది కనిపెట్టి, వారుణాస్త్రంతో కమండలం నింపుకొని అశ్వత్థామతో పాటే వచ్చి నిలబడ్డాడు. ఆ పట్టుదలకే గురువుకు ప్రియశిష్యుడయ్యాడు, తనను మించినవాడు ఉండడన్న మాట పొందాడు. తీరా అడవిలో ఏకలవ్యుడి విలువిద్య చూసినప్పుడు అతని ముఖం వాడిపోయింది. ఒంటరిగా గురువు దగ్గరకు వెళ్లి, మీరిచ్చిన మాట ఏమైందని అడిగాడు. ఆ తరువాత తెగిన బొటనవేలిని మనం తరతరాలుగా తలచుకుంటున్నాం, తలచుకోవాల్సిందే. అర్జునుడి భయాన్ని మాత్రం పెద్దగా పట్టించుకోలేదు. అంతటి విలుకాడికి, అంతగా గురువు ప్రేమ పొందినవాడికి మరొకరి నేర్పు తన నష్టంలా ఎందుకు కనిపించింది? ఒక్కడికే దక్కిన ప్రేమ కాబట్టి, అది మరొకరికి పోతుందేమోనన్న బెంగ కూడా దానితోపాటే దక్కింది.

మన తరగతి గదుల్లోనూ ఆ బెంగ ఉంది. టీచరు మెప్పు కోసం తపించే పిల్లవాణ్ని తోటివాళ్లు ‘కాకా పడుతున్నాడ్రా’ అంటారు, చెంచా అంటారు. పెద్దలు కూడా నవ్వేసి ఊరుకుంటారు. నిజానికి అది ఆకలి. పదమూడు, పద్నాలుగేళ్ల వయసులో గొంతు మారుతుంది, ముఖం మీద మొటిమలు వస్తాయి, తనేమిటో తనకే తెలియని తికమక మొదలవుతుంది. ‘నువ్వు పనికొస్తావు’ అని ఎవరో ఒక పెద్దమనిషి అంటే చాలుననిపించే వయసది. కొందరికి ఇంట్లో ఆ మాట దొరకదు. మరికొందరికి ఫస్టు ర్యాంకు తెచ్చిన రోజునే దొరుకుతుంది. అలాంటి పిల్లలు టీచరు ముఖంలో దాన్ని వెతుక్కుంటారు. అందుకే సందేహం వచ్చినా అడగరు, మొద్దు అనుకుంటారేమోనని భయం. స్నేహితుడి అల్లరి గురించి వెళ్లి చెబుతారు, స్నేహం పోగొట్టుకుంటారు. పై తరగతిలో క్లాస్ టీచరు మారితే కాళ్ల కింద నేల కదిలినట్టవుతుంది. ఇంటర్‌లో ఏ రెసిడెన్షియల్ కాలేజీలోనో తమలాంటి టాపర్లే నిండిన సెక్షన్‌లో పడ్డాక, తమను పేరుపెట్టి పిలిచేవారు లేక లోలోపల కుంగిపోతారు. మార్కుల జాబితాలో ఈ నష్టం కనిపించదు గనుక దీన్నెవరూ లెక్కలోకి తీసుకోరు.

అమెరికాలో సైన్సు బోధన మీద పరిశోధించిన మేరీ బడ్ రో 1974లో ప్రచురించిన వ్యాసంలో ఈ విషయాన్ని నిశితంగా పట్టుకున్నారు. తరగతి గదుల్లో రికార్డు చేసిన సంభాషణలను విని, ప్రశ్న అడిగాక టీచర్లు జవాబు కోసం సగటున ఒక్క సెకను పాటే ఆగుతున్నారని గుర్తించారు. ఆ ఒక్క సెకనూ అందరికీ సమానంగా అందడం లేదు. బాగా చదువుతారనుకున్న పిల్లల కోసం ఎక్కువసేపు, వెనకబడ్డారనుకున్నవాళ్ల కోసం తక్కువసేపు ఆగుతున్నారు. ఆలోచించుకోవడానికి వ్యవధి ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే అది కరవవుతోంది. టీచర్లు మూడు సెకన్లు ఆగడం అలవాటు చేసుకున్నచోట జవాబులు పెద్దవయ్యాయి, అంతవరకూ నోరు మెదపనివాళ్లూ మాట్లాడారు. ఆమె గమనించిన మరో సంగతి మెప్పు కోరే పిల్లల గురించి. టీచరు మాటమాటకీ ‘వెరీ గుడ్’ అని పొగిడే తరగతుల్లో పిల్లలు జవాబును కూడా ప్రశ్నలా, సాగదీస్తూ చెబుతున్నారు. చెబుతున్నంతసేపూ టీచరు కళ్లలోకి చూస్తున్నారు, చేపట్టిన పనిని తొందరగా వదిలేస్తున్నారు. అంటే వాళ్ల ధ్యాస పాఠం మీద లేదు, మాస్టారి ముఖం మీద ఉంది. నిర్లక్ష్యానికి గురైన పిల్లవాడి ధ్యాసా అక్కడే, తనను ఎప్పుడు చూస్తారా అని. పక్షపాతం ఇద్దరి చూపునూ పుస్తకం నుంచి తప్పించేస్తుంది.

ఇక అభిమానం ఎవరి వైపు మొగ్గుతుందన్నది ఇంకా లోతైన ప్రశ్న. చురుకుదనం అని మనం అనుకునేదాంట్లో శుభ్రమైన యూనిఫాం, గడగడా వచ్చే ఇంగ్లిషు, తండ్రి ఉద్యోగం, ఇంటిపేరు ఎంతెంత కలిసి ఉంటాయో ఎవరికివారు నిజాయతీగా తరచి చూసుకోవాలి. రేమా హన్నా, లీ లిండెన్ అనే ఆర్థికవేత్తలు మన దేశంలోనే ఒక ప్రయోగం చేసి 2012లో ఫలితాలు ప్రకటించారు. పిల్లల జవాబుపత్రాలకు వాళ్లవి కాని కుల వివరాలు జతచేసి టీచర్లతో దిద్దించారు. తక్కువ కులమని రాసి ఉన్న పత్రాలకు కొద్దిగా తక్కువ మార్కులు పడ్డాయి. ఆ తేడా ఆ కులాల నుంచి వచ్చిన టీచర్ల చేతుల్లోనే ఎక్కువగా కనిపించడం మనసును కలచివేస్తుంది. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే పరిశోధకులు ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకు కాగితం మీద చిక్కుదారుల పజిళ్లు ఇచ్చారు. కులం ప్రస్తావన లేనప్పుడు అందరూ సమానంగా చేశారు. అందరి ఎదుటా పేరుతోపాటు కులం చదివాక దళిత బాలుర ఫలితాలు పడిపోయాయి. గదిలో తమను ఎలా చూస్తున్నారో పిల్లలకు తెలుస్తుంది. ఆ ఎరుక వాళ్ల చేతిలోని పెన్సిల్ దాకా దిగుతుంది.

చట్టాలు కొంత చేశాయి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. 28వ సెక్షన్ టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పరాదంది. సాయంత్రం తన దగ్గర ట్యూషన్‌కు వచ్చే పిల్లవాడికీ రానివాడికీ పగలు తరగతిలో తేడా చూపే ప్రమాదం ఉన్నచోట ఆ నిబంధన విలువ తెలుస్తుంది. పదో తరగతిలో బడి చేతిలో ఉండే 20 ఇంటర్నల్ మార్కులను ఆంధ్రప్రదేశ్ 2019లో తీసేసింది. తెలంగాణ 2024 నవంబరులో రద్దు ప్రకటించి, వెంటనే దాని అమలును తరువాతి విద్యా సంవత్సరానికి వాయిదా వేసింది. ఆ మార్కులు ఉండాలా వద్దా అన్నది వేరే చర్చ. జీవో మార్కులను కట్టడి చేయగలదు. ఎవరి పేరు ఎన్నిసార్లు పిలవాలో, తప్పు చెప్పినవాడి వంక ఎలా చూడాలో మాత్రం ఉపాధ్యాయుడి మనసే తేల్చుకోవాలి.

అలా తేల్చుకున్నవారు ఉన్నారు. 2024లో వచ్చిన ‘స్థానార్థి శ్రీకుట్టన్’ అనే మలయాళ చిత్రం ఏడో తరగతి లీడర్ ఎన్నిక చుట్టూ, వెనక బెంచీ పిల్లల చుట్టూ తిరుగుతుంది. అది చూశాక కొల్లం జిల్లా వాళకంలోని ఓ బడి సహా కేరళలో కొన్ని పాఠశాలలు బెంచీలను గోడల వెంట అర్ధచంద్రాకారంగా వేశాయి. మెడ తిప్పి బోర్డు చూడటం కష్టమన్న అభ్యంతరాలు రాకపోలేదు. కిక్కిరిసిన మన గదుల్లో అది అన్నిచోట్లా కుదరకపోవచ్చు కూడా. వెనక అంటూ ఒక చోటు లేకుండా చేయాలన్న ఆలోచన మాత్రం గట్టిది. అంతకు చాలా ముందే జపాన్‌లో కొబయాషి అనే ప్రధానోపాధ్యాయుడు మరింత దూరం వెళ్లారు. ‘రైలుబడి’గా తెలుగువారికీ ఆప్తమైన ‘తొత్తోచాన్’ పుస్తకంలో తెత్సుకో కురొయనాగి ఆయన బడి గురించి రాశారు. ఒక బడి వద్దని పంపేసిన తొత్తోచాన్, అంటే చిన్ననాటి తెత్సుకో, చెప్పే కబుర్లను ఆయన మొదటిరోజు నాలుగు గంటలపాటు విన్నారు. కాళ్లూ చేతులూ పొట్టిగా, ఎదగని ఒక పిల్లవాడు ఆ బడిలో ఉండేవాడు. ఆటల పోటీల రోజున అతని శరీరానికి అనువైన పందేలు పెట్టడంతో ప్రతి పందెంలోనూ అతనే గెలిచాడు. బహుమతులుగా కూరగాయలు ఇచ్చారు, వాటితో ఆ సాయంత్రం ఇంట్లో కూర వండుకొమ్మన్నారు. కొబయాషి గెలుపును ఎవరికీ దానం చేయలేదు. గెలిచే వీలు ఇంతవరకూ ఎవరికి లేదో చూసి, వాళ్ల కోసం చోటు చేశారు.

మన ఉన్నత పాఠశాలల్లో ఇందుకు పెద్ద నిధులు అక్కర్లేదు. ప్రశ్న అడిగాక మనసులో మూడు లెక్కపెట్టుకొని ఆగవచ్చు. పేర్లు రాసిన చీటీలు ఒక డబ్బాలో వేసి, తీసినవారిని పిలవవచ్చు. క్లాస్ లీడర్ బాధ్యత నెలకొకరికి మార్చవచ్చు. తోటివాళ్ల పేర్లు బోర్డుకెక్కించే పని పిల్లల చేత మాన్పించవచ్చు, అది ఒకరిని గూఢచారిని, మరొకరిని దోషిని చేస్తుంది. జవాబుపత్రం దిద్దేటప్పుడు పేరున్న పేజీని మడిచిపెట్టవచ్చు. శనివారం హాజరుపట్టీ ముందేసుకుని, ఈ వారం ఎవరితో ఒక్క మాటా మాట్లాడలేదో వేలితో వెతుక్కోవచ్చు. మెప్పు కోరే పిల్లను కసిరి దూరం పెట్టాల్సిన పనిలేదు. ‘నువ్వు తప్పు చెప్పినా నాకు నువ్వంటే ఇష్టమేనమ్మా’ అని ఒక్కసారి చెబితే ఆమె భుజాల మీది బరువు సగం దిగుతుంది. పొగిడేటప్పుడు పిల్లను కాక, ఆమె లెక్కను ఏ దారిలో సాధించిందో ఆ పనిని పొగిడితే తక్కిన తరగతి కూడా ఆ దారిని నేర్చుకుంటుంది.

యాజమాన్యాలకూ తల్లిదండ్రులకూ ఇందులో వాటా ఉంది. ర్యాంకులను బట్టి సెక్షన్లు విడగొట్టి, మంచి టీచర్లను మొదటి సెక్షన్‌కే కేటాయించే బడి, టీచరు చూపు సమానంగా ఉండాలని అడిగే అర్హత కోల్పోతుంది. పేరెంట్స్ మీటింగ్‌లో ‘మావాడు ఎన్నో ర్యాంకు?’ అని అడిగే తండ్రి, ‘మావాడు తరగతిలో మాట్లాడుతున్నాడా సార్, స్నేహితులున్నారా?’ అని కూడా అడగాలి. ఇంట్లో మార్కులతో ముడిపెట్టని ప్రేమ అందే బిడ్డ బడిలో ఎవరి ముఖంలోనూ దాన్ని వెతుక్కోడు.

పదో తరగతి దాటాక త్రికోణమితి సూత్రాలు చాలామందికి గుర్తుండవు. ఏ మాస్టారు తమను పేరుపెట్టి పిలిచారో, ఎవరు ఏడాదంతా తమవైపు చూడనేలేదో అరవై ఏళ్లు దాటినవాళ్లూ చెప్పగలరు. ఆ గుర్తింపును బాగా చదివినందుకు బహుమానంగానో, వినయంగా ఉన్నందుకు కూలిగానో ఇవ్వకూడదు. బడిలో అడుగుపెట్టిన ప్రతి బిడ్డకూ అది మొదటి రోజు నుంచే హక్కు. అందరికీ అందినప్పుడే, దాన్ని సంపాదించుకునే శ్రమ తప్పి, పిల్లలు నిశ్చింతగా చదువు మీద మనసు పెట్టగలుగుతారు.