తాత తుపాకికి తూటా కట్టొద్దు!
గ్రామసభ తీర్మానంతో సర్కారును కదిలిద్దాం!

టేకులపల్లి మండల రైతులకు, కోయ, లంబాడా పెద్దలకు, యువకులకు విజ్ఞప్తి.

మొక్కజొన్న కంకి పాలు పోసుకునే వేళకు అడవి పందుల మంద దిగుతుంది. రాత్రంతా మంచె మీద డబ్బా కొట్టినా చేను దక్కదు. ఆ కడుపుమంటలో అటక మీది పాత తుపాకి గుర్తుకు రావడం సహజం. దాని తూటాలు అంగట్లో దొరకవు కనుక, వాడేసిన ఇత్తడి తొడుగులో నాటు మందు కూరి మనమే కట్టుకుందామన్న ఆలోచనా సహజమే. కానీ ఆ పని ప్రాణం తీస్తుంది, ఇంటిల్లిపాదినీ జైలు గుమ్మం ఎక్కిస్తుంది, పంటను మాత్రం కాపాడదు.

తూటా ఎందుకు దొరకదు?

నిజాం రాజ్యంలో పాకాల అడవి పేరున్న శికారుగాహ్, అంటే వేట అడవి. అలాంటి శికార్ల కోసమే ఇంగ్లండు నుంచి పెద్ద రైఫిళ్లు దిగేవి. .450 బోరు తూటాలు సైన్యం వాడిన మార్టిని-హెన్రీ తుపాకులకు పనికొస్తాయని భయపడి, 1907లో బ్రిటిష్ సర్కారు ఆ బోరును మన దేశంలోకి రానివ్వలేదు. దాంతో అక్కడి కంపెనీలు .465, .470 వంటి కొత్త కొలతలు పుట్టించాయి. ఆ తూటాలు చేసిన కైనాక్ కంపెనీ 1960ల్లో తయారీ తగ్గిస్తూ పోయి చివరికి మానేసింది. మన ప్రభుత్వ ఫ్యాక్టరీలు .315, .30-06, 12 బోరు తూటాలు చేశాయి గానీ ఈ పాత కొలతల జోలికి పోలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో శికారుకూ కళ్లెం పడింది. తూటా పోయింది, తుపాకి మిగిలింది.

ఇంట్లో నింపితే ఏమవుతుంది?

ఇంగ్లండులో ఇలాంటి తూటాలను సొంతంగా నింపుకునేవాళ్లున్నారు. వాళ్లకు కొత్త తొడుగులు, ఫ్యాక్టరీ మందు, అచ్చయిన కొలత పట్టికలు, తుపాకిని పరీక్షించి ముద్ర వేసే ప్రూఫ్ హౌసులు ఉన్నాయి. చట్టం అనుమతీ ఉంది. వీటిలో ఒక్కటీ మన చేతికందదు.

.450/400 రైఫిల్‌నే చూడండి. ఒకే పేరుతో మూడంగుళాల తొడుగూ ఉంది, మూడుంబావు అంగుళాలదీ ఉంది. అందులోనూ కొన్ని తుపాకులు దట్టంగా పొగ వచ్చే పాత గన్‌పౌడర్ కోసం చేసినవి, కొన్ని కార్డైట్ అనే పొగరాని మందు కోసం చేసినవి. కార్డైట్ ఒత్తిడికి పాత గొట్టం ఆగదు. ఏళ్ల తరబడి పడి ఉన్న ఇత్తడి పెళుసెక్కుతుంది. అది పగిలితే నిప్పూ లోహం ముక్కలూ వెనక్కి, కాల్చేవాడి కంటి మీదికే వస్తాయి.

చట్టం మాటేమిటి?

తుపాకికి లైసెన్సు ఉన్నా తూటా తయారీకి అది చెల్లదు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం దానికి వేరే లైసెన్సు కావాలి. 2019 సవరణ తర్వాత, లైసెన్సు లేకుండా తయారుచేస్తే కనీసం 7 ఏళ్ల జైలు, గరిష్ఠంగా యావజ్జీవం. రెండెకరాల మొక్కజొన్న కోసం ఏడేళ్లా?

అయితే అదే చట్టం 13వ సెక్షన్ నిజమైన పంట రక్షణకు భర్మార్ తుపాకి లైసెన్సు ఇవ్వొచ్చంటోంది. పంటకు ముప్పు తెచ్చే జంతువును కాల్చేందుకు అనుమతి ఇచ్చే అధికారం వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్‌లో ఉంది. దారి ఉంది. అది రైతు గడప దాకా రావడమే మిగిలింది.

"తుపాకి ఉందని చెబితే కేసు పెట్టరా?" అని అడిగేవారున్నారు. తుపాకి మాటెత్తితేనే దళమా, ఎవరి మనిషివని నిలదీసిన రోజులు ఇల్లందు, గుండాల ప్రాంతం చూసింది. ఆ భయం ఉత్తది కాదు. అది పోగొట్టకుండా తుపాకులు బయటికి రమ్మంటే రావు. అందుకే మన డిమాండ్లు:

1. పాత తుపాకులను స్వచ్ఛందంగా చూపించేందుకు మండల కేంద్రంలో శిబిరం పెట్టి, ఆరు నెలల గడువివ్వాలి. ముందుకొచ్చినవారిపై కేసులుండవని రాతపూర్వకంగా చెప్పాలి. ఇందుకు ఆయుధాల చట్టం 41వ సెక్షన్ కింద మినహాయింపును రాష్ట్రం కేంద్రాన్ని కోరాలి.

2. మరమ్మతు చేసినా పేలని పాత ఆయుధాలకు అదే చట్టం 45వ సెక్షన్ మినహాయింపు ఉంది. కోరినవారి తుపాకిని ప్రభుత్వ ఖర్చుతో అలా నిర్వీర్యం చేసి, జ్ఞాపకంగా ఇంటికే ఇవ్వాలి. ఇష్టపడి ఇస్తే తాత పేరుతో మ్యూజియంలో పెట్టాలి.

3. లైసెన్సున్న వారసులకు తూటా కావాలంటే తుపాకిని నిపుణులు పరీక్షించాకే, ప్రభుత్వ ఫ్యాక్టరీలో గానీ అనుమతి పొందిన డీలరు దగ్గర గానీ లెక్కతో నింపించే ఏర్పాటు ఉండాలి.

4. పంట నష్టపరిహారం ఆ సీజన్‌లోనే అందాలి. అడవి పందులపై అర్జీలకు గడువు పెట్టి జవాబివ్వాలి.

మనది ఏజెన్సీ. 1996 పెసా చట్టం గ్రామసభకు గొంతునిచ్చింది. రాబోయే సభలో ఈ నాలుగింటినీ తీర్మానంగా రాయించండి. నకళ్లు కలెక్టరుకు, ఎస్పీకి, జిల్లా అటవీ అధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి. ఈలోగా మందు కూరే పని ఎవరు తలపెట్టినా ఇంటివాళ్లే ఆపండి.

చదివినవారు చదవలేనివారికి వినిపించండి.

— టేకులపల్లి మండల రైతులు, గ్రామస్థులు