ముందు కప్పు, తర్వాత రంగు

పాతబస్తీలో పాత ఇల్లు చేతికొచ్చినవాళ్లు ముందుగా కబురు పెట్టేది రంగులాయనకు. ఇల్లు వాటాకు వచ్చినా, చవగ్గా దొరికిందని కొన్నా, ఇన్నేళ్లు అద్దెకిచ్చి ఇప్పుడు తామే దిగుదామనుకున్నా మొదటి ఫోను మాత్రం అదే. అప్పటికే శ్రావణంలో ముహూర్తం పెట్టించుకుని ఉంటారు. ఆషాఢంలో గృహప్రవేశాలు చేయరు గనుక పనంతా ఆ నెలలోనే తెమలాలి. లాల్‌దర్వాజాలో బోనాలకు గల్లీ గల్లీ సున్నాలు వేసుకుని, సీరియల్ బల్బులు కట్టుకుంటుంటే ఈ ఇంటి ముందు పుట్టీ బస్తాలు దిగుతాయి. మొఘల్‌పురాలోనో, హుస్సేనీ ఆలంలోనో అయితే గడువు రంజాన్. నెలవంక కనబడేలోపు ఇల్లు తెల్లబడాలి. పండుగ ఏదైనా తొందర ఒక్కటే.

ఆ తొందర ఎంతటిదో మొదటి వానల్లో గోడ అడుగున తెలిసిపోతుంది. నేల నుంచి మూరెడు ఎత్తు వరకు కొత్త రంగు పొక్కుల్లా ఉబ్బుతుంది. గోటితో గీరితే పెచ్చు ఊడి, వెనక నుంచి తెల్లటి పొడి రాలుతుంది. గోడకు సౌడు పట్టిందంటారు. ఊడిన పెచ్చు అంచును వెలుతురులో పట్టుకు చూడండి. పైన మొన్నటి ప్లాస్టిక్ ఎమల్షన్, కింద డిస్టెంపర్, దానికింద ఫిరోజీ, ఇంకా కింద పిస్తా పచ్చ, అన్నిటికంటే అడుగున కాస్త నీలిమందు కలిపిన తెల్ల సున్నం. ఎన్ని పండుగలు వచ్చిపోయాయో అన్ని పొరలు. అడుగు పొర ఇప్పటికీ రాయిని అంటిపెట్టుకునే ఉంటుంది. ఊడేది ఎప్పుడూ పైవే.

ఇందులో మాయేమీ లేదు. ఆ కాలపు గోడలు రెండడుగుల మందాన రాయితోనో, ఇటుకతోనో, సున్నం కలిపి కట్టినవి. పునాది మీద చెమ్మను ఆపే పొర వేసే అలవాటు అప్పట్లో లేదు. నేలలోని తడిని గోడ పైకి పీలుస్తుంది, సున్నపు పూత దాన్ని గాలికి వదిలేస్తుంది. ఈ రాకపోకలు సాగినంతకాలం గోడకు ఢోకా లేదు. మనం వెళ్లి దానిమీద సిమెంటు గిలాబు చేయించి, ఆపైన నీటిని పోనివ్వని రంగు పూయిస్తాం. బయటికి దారి లేక తడి లోపలే పైకి ఎక్కుతుంది. వెంట తెచ్చిన ఉప్పును పూత వెనకే వదిలి దాన్ని నెట్టేస్తుంది. అది చూసి ఇంటాయన మూడడుగుల ఎత్తున టైల్స్ అతికిస్తాడు. మరుసటేడు సరిగ్గా టైల్స్ పైనుంచి మరక మొదలవుతుంది. అప్పుడు వాల్‌పేపర్ అతికించే అబ్బాయి వస్తాడు.

నేల సంగతీ అంతే. పాతబస్తీ ఇళ్లలో పరిచినవి ఎక్కువగా షాబాదు బండలు. ఒకప్పటి నిజాం రాజ్యంలోదే, ఇప్పుడు కర్ణాటకలో ఉన్న షాబాదు నుంచి వచ్చిన రాయి. మన తాండూరు రాయి కూడా ఆ వరసదే. మే నెల మధ్యాహ్నం చాప కూడా పరచకుండా పడుకోగల నేల అది. ఎగుడుదిగుడుగా ఉందని, మాసిపోయిందని దానిమీదే వెట్రిఫైడ్ టైల్స్ వేసేస్తున్నారు. నేల రెండంగుళాలు లేస్తుంది. దాంతో తలుపు తగులుతుంది. తలుపు అడుగు కోయిస్తారు. నూరేళ్లుగా చెదలు ముట్టని టేకు చెక్కకు కోసిన చోట పచ్చి అంచు ఏర్పడుతుంది, కడిగిన నీళ్లు అక్కడే నిలుస్తాయి. గడప టైల్స్‌లో కలిసిపోయి, పసుపు రాయడానికి చోటు వెతుక్కోవాల్సి వస్తుంది. బండల సందుల్లోంచి నింపాదిగా ఆవిరైపోయే తడి ఇప్పుడు గోడల దారి పడుతుంది. బండలు లేపి, కింద చదును చేసి, అంచులు చెక్కించి మళ్లీ పరిపించుకుంటే పోయేదానికి ఇన్ని తంటాలు.

అలాగని పాత ఇల్లు స్వర్గమనేవాళ్లతోనూ పేచీ ఉంది. వాళ్లు ఆదివారం పొద్దున కెమెరాతో వచ్చి, కమాను కింద ఫొటో దిగి, ఇరానీ చాయ్ తాగి కొండాపూర్ వెళ్లిపోతారు. మోకాళ్ల నొప్పులతో ఉన్న పెద్దమ్మ రాత్రిపూట వానలో వాకిలి దాటి ఆ మూలనున్న స్నానాలగదికి వెళ్లాలి. పొగచూరిన వంటింట్లో పగలే లైటు వేసుకోవాలి. పాత ఇళ్లలో వంటిల్లు, స్నానాలగది కట్టినప్పుడు అందులో పనిచేసే ఆడవాళ్లను అడిగి కట్టినట్టు కనిపించదు. అవి రెండూ పూర్తిగా మార్చుకున్నా ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు. చెక్క పట్టీల మీద పాకించిన పాత వైరింగు తీయించాలి, అది ప్రాణాల మీద విషయం. కప్పు సంగతి అన్నిటికంటే ముందు. దూలాలు, వాటిమీద వాసాలు, బల్లలు, ఆపైన జానెడు సున్నపు గచ్చు. కారిన ప్రతిసారీ పైన ఇంకో సిమెంటు పొర పోసుకుంటూ పోతే బరువంతా దూలానిదే. దూలం కొన గోడలో దూరిన చోటే తడి చేరి పుచ్చుతుంది. కిందనుంచి చూస్తే తెలియదు. ఫాల్ సీలింగ్ కొట్టించాక అసలే తెలియదు.

కాబట్టి మా సలహా కాస్త తలకిందులుగా ఉంటుంది. అలంకరణంతా పూర్తయ్యాక ఇంట్లో దిగడం కాదు, ఇంట్లో దిగాక అలంకరణ మొదలుపెట్టడం. కప్పు, వాన నీరు దిగే పర్నాలా, మోరీ, కరెంటు, వంటిల్లు, స్నానాలగది. ఇవి చూసుకుని గోడలకు మామూలు సున్నం వేయించి పాలు పొంగించేయండి. మిగతాది ఒక వానాకాలం, ఒక వేసవి గడిచాక. ఏ గోడ చెమ్మ పడుతుందో శ్రావణం చెబుతుంది, ఏ గది చల్లగా ఉంటుందో వైశాఖం చెబుతుంది. ఖాళీ ఇంట్లో లేజర్ మీటరు పట్టుకుని కొలతలు తీసుకున్న ఇంటీరియర్ అబ్బాయికి ఈ రెండూ తెలిసే వీల్లేదు. అతనికి తెలిసినవి ప్లైవుడ్డు, గడువు. గోడలోని దీపపు గూళ్లను ప్లైవుడ్డుతో మూసి, దానిమీద షెల్ఫు బిగించి, షెల్ఫు మీద దీపం బొమ్మ పెట్టినా ఆశ్చర్యం లేదు. ముందు దిగి, తర్వాత అలంకరించుకుంటానంటే శాస్త్రం కూడా అడ్డుచెప్పదు. బాగుచేసుకున్న పాత ఇంట్లో దిగడానికి గృహప్రవేశాల్లో విడిగా ఒక రకమే ఉంది. ద్వంద్వ గృహప్రవేశం అంటారు. ఫాల్ సీలింగ్ లేకపోతే చేయకూడదని అందులో లేదు.

పాత ఇల్లు బాగుచేసుకుని దిగడం ఈ ఊరికి కొత్త కాదు, ప్రభువుల ఇళ్లలోనూ జరిగిందే. పురానీ హవేలీ మొదట కుతుబ్‌షాహీల కాలపు పేష్వా మీర్ మోమిన్ కుటుంబానిది. రెండో నిజాం నిజాం అలీ ఖాన్ దాన్ని కొడుకు సికందర్ జా కోసం తీసుకున్నాడు. సికందర్ జా కొన్నాళ్లుండి ఖిల్వత్ మహలుకు మారాక దానికి పాత హవేలీ అన్న పేరు స్థిరపడింది. ఆ తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ అక్కడే కాపురమున్నాడు. 176 అడుగుల పొడవున, రెండంతస్తుల్లో ఆయన బట్టల బీరువా ఇప్పటికీ అక్కడ ఉంది. ఇంట్లో సామాను పెట్టుకోను చోటు చాలడం లేదనేవాళ్లు ఒకసారి చూసి రావాలి. ఇక ఏడో నిజాం మూసీ అవతల కమాల్ ఖాన్ కట్టించుకున్న ఇంట్లో దిగాడు. ఆ ఇంటి తలుపుల నిండా, గోడల నిండా కమాల్ ఖాన్ పేరులోని ఇంగ్లీషు పొడి అక్షరాలు, కె, కె అని చెక్కి ఉన్నాయట. అవన్నీ తీయించి గోడలు పాడుచేసే బదులు ఇంటికి కింగ్ కోఠీ అని పేరు పెట్టి ఊరుకున్నారని హైదరాబాద్‌లో ముచ్చటగా చెప్పుకుంటారు. పైసా ఖర్చు లేని ఇంటీరియర్ డెకరేషన్ అంటే అదీ. ఆ ప్రభువు పొదుపు గురించిన కథల్లో నమ్మాలనిపించేది ఇదొక్కటి.

నిజంగా పెద్ద పని చూడాలంటే చౌమహల్లా. 1750లో సలాబత్ జంగ్ మొదలుపెట్టిన ఆ ప్రాసాదం ఇరవయ్యో శతాబ్దం చివరికి వచ్చేసరికి పిచ్చిమొక్కలు మొలిచి, కప్పులు కారి, సామాను చిందరవందరై ఉంది. నిజాం కుటుంబపు రాకుమారి ఎస్రా పూనుకుని, వాస్తుశిల్పి రాహుల్ మెహ్రోత్రా చేత ఏళ్ల తరబడి బాగుచేయించారు. 2005లో జనానికి తలుపులు తెరిచారు. 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం దక్కింది. అక్కడి గోడల మీది లతలు, పూలు సున్నపు గారతో చేసినవి. ఇప్పుడు అందరి కళ్లూ దర్బారు హాలులోని షాండ్లియర్ల మీదే ఉంటాయి. కప్పు కారడం ఆగకపోయి ఉంటే ఆ షాండ్లియర్లు వేలాడేవి కావు.

సున్నం పని తీరికతో కూడిన పని. రాయి కాల్చి, నీళ్లు పోసి ఉడకనిచ్చి, గుంతలో నానబెట్టి, ఇసుకతో కలిపి గానుగలో తిప్పాలి. బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం, మినప నీళ్లు, మెరుపు కోసం కోడిగుడ్డు తెల్లసొన కలిపేవారు. చెట్టినాడు ఇళ్ల గోడల నునుపు వెనకున్నదీ ఈ గుడ్డు సొనే. పూసిన తర్వాత కూడా సున్నం గాల్లోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటూ నెలల తరబడి గట్టిపడుతుంది. ముహూర్తం తేదీకి తలవంచే రకం కాదు. 2019 మే నెలలో చార్మినార్ మినారు మీది గార ముక్క ఒకటి ఊడి కిందపడితే పురావస్తు శాఖ మళ్లీ పాత పద్ధతిలో సున్నంతోనే సరిచేయాల్సి వచ్చింది. ఆగాఖాన్ ట్రస్టు వాళ్లు 2013లో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర మొదలుపెట్టిన పనిలో పెద్ద భాగం కొత్తగా ఏదో చేర్చడం కాదు, అంతకుముందు మరమ్మతుల పేరుతో పూసిన సిమెంటును ఊడదీయడం. ఆ పనే ఏళ్లు పట్టింది.

రాజుల కట్టడాలకు ట్రస్టులున్నాయి. హరిబౌలిలోనో, శాలిబండలోనో మామూలు గుమాస్తా కట్టుకున్న ఇంటికి ఎవరున్నారు? చాలా ఇళ్లను చెడగొట్టింది సిమెంటు కన్నా ముందు పంపకం. అన్నదమ్ములు విడిపోగానే వాకిలి నడుమ గోడ లేస్తుంది. సగం కమాను అన్నకు, సగం తమ్ముడికి. అన్న తన సగానికి గ్రానైట్ తొడిగిస్తాడు, తమ్ముడికి అప్పు పుట్టక తన సగం అలాగే మిగిలిపోతుంది. పదేళ్ల తర్వాత చూడ్డానికి బాగున్నది తమ్ముడి సగమే. ఇక అమ్మేసి అపార్టుమెంటుకు ఇచ్చేవాళ్ల ఇళ్ల తలుపులు, కిటికీలు, దూలాలు కూల్చే కాంట్రాక్టరు చేతికి పోతాయి. అక్కడినుంచి జూబ్లీహిల్స్ బంగళాలకూ, ఊరి బయటి ఫామ్‌హౌస్‌లకూ అలంకారంగా చేరతాయి. పాత ఇంటివాడు కొత్త ఫ్లష్ డోర్ కొంటాడు, కొత్త ఇంటివాడు పాత తలుపు కొంటాడు. ఇద్దరి మధ్యా దళారీ బతుకుతాడు.

సర్కారు పాత్ర ఇందులో అంతంత మాత్రమే. వారసత్వ కట్టడాల కోసం ఉన్న నిబంధన 13ను 2015లో తీసేశారు, 2017లో కొత్త చట్టం తెచ్చారు. రెండింటి నడుమ సామాన్యుడి పాత ఇంటికి కలిసొచ్చిందేమీ కనబడదు. ఇంటి పేరు జాబితాకెక్కిస్తే తాళం కప్ప మార్చాలన్నా అనుమతి అడగాలేమోనని యజమాని భయం. ఆ భయం పోవాలంటే కాగితం మీద కాపాడామనడం చాలదు, చేతికి ఏదో ఒకటి అందాలి. 2017లో ప్రపంచ వారసత్వ నగరమైన అహ్మదాబాద్‌లో పోళ్లు అనే వాడల్లోని పాత ఇళ్లను నిలుపుకున్నవాళ్లకు బదలాయించుకోగల నిర్మాణ హక్కులు ఇస్తున్నారు. అవి అమ్ముకుంటే మరమ్మతుకు డబ్బు వస్తుంది. మన దగ్గర అంత పెద్ద ఏర్పాటు అయ్యేలోపు చిన్నది ఒకటి చేయొచ్చు. మూసీకి ఇవతల ఎక్కడైనా ఒక సున్నం యార్డు. గానుగ ఆడిన సున్నం బస్తాల లెక్కన దొరికే చోటు. కుతుబ్‌షాహీ సమాధుల పని 2024లో ముగిసింది, అక్కడ చెయ్యి తిరిగిన మేస్త్రీలు ఎంతోమంది ఉన్నారు. వాళ్ల ఫోను నంబర్లు వార్డు ఆఫీసు గోడమీద రాసిపెడితే మొఘల్‌పురా ఇంటాయన ఎవరిని పిలవాలో వెతుక్కోడు.

ఇప్పటికైతే ఆయన గుమ్మంలోకి వచ్చేవి వేరే. ముప్పై రోజుల్లో మాడ్యులర్ కిచెన్, నలభై అయిదు రోజుల్లో పూర్తి ఇంటీరియర్, ముహూర్తానికి గ్యారంటీ అంటూ రంగురంగుల కరపత్రాలు రోజూ పొద్దున పేపరులో మడిచిపెట్టుకుని దిగుతాయి. బహుశా ఈ పేపరులో కూడా. సున్నం మేస్త్రీ కరపత్రం ఇంతవరకు ఒక్కటీ రాలేదు.