మొక్కల చదువుకు మన పాసుబుక్కు తాకట్టు

బాటనీ డిగ్రీకి అయ్యే అప్పు ఎవరి పేరున ఉంటుంది? చదివిన పిల్లల పేరున కాదు, మన పట్టాదారు పాసుబుక్కు మీద ఉంటుంది. సంగారెడ్డి, పటాన్‌చెరు, జిన్నారం, సదాశివపేట వైపు ఏ ఊళ్లోనైనా రచ్చబండ దగ్గర కూర్చుని అడగండి. వానాకాలం పంటకని బ్యాంకులో తెచ్చిన పైసల్లో కొంత ఎరువుల దుకాణానికి పోయింది, మిగతాది కాలేజీకి పోయింది. ఇంటామె పుస్తెలతాడు బంగారు లోనులో ఉంది. బ్యాంకు రికార్డులో మాత్రం ఇవన్నీ పంట రుణాలే. అందుకే విద్యారుణాల లెక్క తీసే అధికారికి మన పిల్లల చదువు అప్పు కంటికి కనిపించదు.

2019 నాటి జాతీయ నమూనా సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 91కి పైగా వ్యవసాయ కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయి. సగటు అప్పు 1,52,113 రూపాయలు. దేశ సగటు 74,121. మనకు దానికి రెండింతలు. ఈ లక్షన్నరలో విత్తనం ఎంత, బోరు ఎంత, ఆస్పత్రి ఎంత, కాలేజీ ఎంత అని విడదీసి రాసుకుంటే తప్ప రైతు ఎందుకు మునిగాడో తేలదు. రైతు తాగుడుకూ పెళ్లిళ్లకూ తగలేశాడని టీవీల్లో చెప్పేవాళ్లు ఈ ఖర్చును ఎన్నడూ లెక్కలోకి తీసుకోరు.

4 లక్షల దాకా విద్యారుణానికి తాకట్టు అడగొద్దని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది కదా అంటారు. ఉంది. పోయి అడిగి చూడండి. మా దగ్గరి ఒక బ్రాంచిలో ఎమ్మెస్సీ బాటనీ అనగానే మేనేజరు తల ఎత్తకుండానే, "ఇంజనీరింగు అయితే చూద్దాం, దీనికి ప్లేస్‌మెంట్ ఏముంటుంది?" అన్నాడు. అంటే ఆ చదువు విలువ బ్యాంకుకు ముందే తెలుసు. తెలియనిది మనకే. అక్కడ కాదంటే నూటికి రెండు రూపాయల వడ్డీకి బయట తెస్తాం. రెండు లక్షలకు నెలకు నాలుగు వేలు వడ్డీకే పోతుంది, అసలు అసలుగానే ఉంటుంది. ఒకవేళ బ్యాంకే 3 లక్షలు పది శాతం వడ్డీకి ఇచ్చి, ఐదేళ్లలో కట్టమన్నా నెల వాయిదా సుమారు 6,370 రూపాయలు.

ఇప్పుడు జీతం సంగతి. ఎంసెట్‌లో అగ్రికల్చర్ సీటు రాక, నీట్‌లో మెడిసిన్ రాక, బైపీసీ చదివిన పిల్లలు బీజెడ్‌సీలో చేరతారు. మూడేళ్లు డిగ్రీ, రెండేళ్లు పీజీ. బయటికి వచ్చి చూస్తే చుట్టూ పాశమైలారం, బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం. ఎటు చూసినా మందుల ఫ్యాక్టరీలే. అక్కడ ల్యాబు పనికి కెమిస్ట్రీ వాళ్లను పిలుస్తారు. బాటనీ వాళ్లకు ఎక్కువగా దక్కేది ప్యాకింగు, స్టోరు, రిజిస్టర్లు నింపే పని. అదీ కాంట్రాక్టరు కింద. మా మండలంలో ఎమ్మెస్సీ ఫస్టు క్లాసులో పాసైన ఆడబిడ్డ ఒకతె ఇదే పనిలో ఉంది. కోతలన్నీ పోను చేతికి పదిహేను వేలు. హాస్టలుకూ తిండికీ ఆరు వేలు. నైట్ షిఫ్టు, ఆదివారం ఓటీ. ఆమె చదువు కోసం తండ్రి పదిహేను గుంటలు అమ్మాడు. ఆ భూమిలో ఇప్పుడు ప్లాట్లు పడ్డాయి.

అప్రెంటిస్ పేరు పెడితే ఇంకా తక్కువ. 2019 నిబంధనల్లో డిగ్రీ చదివినవాళ్లకు పెట్టిన కనీస స్టైపెండు నెలకు 9,000. 26 రోజులతో భాగిస్తే రోజుకు 346 రూపాయలు. 2025-26లో తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 307. అంటే ఐదేళ్ల చదువుకు, ఇంటిల్లిపాది అప్పుకు కలిపి రోజుకు 39 రూపాయలు ఎక్కువ! కూలిపనిని తక్కువ చేసి చెప్పడం లేదు. కూలికి పోయేవాడు కాలేజీకి లక్షలు కట్టలేదు, అంతే తేడా.

ఫీజు రీయింబర్స్‌మెంట్ 2008లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైనప్పుడు మనవాళ్ల ఇళ్లల్లో మొదటిసారి డిగ్రీ పట్టాలు కనిపించాయి. ఆ మేలు కాదనను. కానీ ఏళ్లు గడిచేకొద్దీ ప్రభుత్వాలు ఏవైనా బకాయిలు పెరిగాయి. డబ్బు రాలేదని 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు మూసేసి బంద్ చేశాయి. ప్రభుత్వానికీ కాలేజీకీ నడుమ పంచాయితీ నడుస్తుంటే, సర్టిఫికెట్ చేతికి రాక ఇంటర్వ్యూ పోగొట్టుకునేది మన పిల్లలు. "ముందు మీరు కట్టండి, వచ్చినప్పుడు ఇస్తాం" అంటే మళ్లీ షావుకారు గడపే ఎక్కాలి.

ఇంత చెప్పాక కొందరు అంటారు: పనికిరాని చదువు ఎందుకు చదివించారు? ఈ మాటే నాకు మంట పుట్టిస్తుంది. మొక్కల చదువు పనికిరానిదా? పటాన్‌చెరులోనే 1972లో ఇక్రిశాట్ పెట్టారు. మూడున్నర వేల ఎకరాల దాకా మన నేల దానికింద ఉంది. మొక్క ఎలా బతుకుతుంది, తెగులును ఎలా తట్టుకుంటుంది, నీళ్లు లేక ఎట్లా ఓర్చుకుంటుంది అనేదే అక్కడి పని. ఎండు తెగులునూ వెర్రి తెగులునూ తట్టుకునే 'ఆశ' కంది 1993లో విడుదలైంది అక్కడి పరిశోధనతోనే. వెర్రికంకి తెగులుతో చచ్చిపోతున్న సజ్జ సంకరాన్ని జన్యు గుర్తుల సాయంతో బాగుచేసి 2005లో హర్యానా రైతులకు ఇచ్చారు. కంది జన్యుపటాన్ని 2011లో విప్పారు. అక్కడి విత్తన బ్యాంకులో లక్షా ఇరవై వేలకు పైగా నమూనాలు ఉన్నాయి. అవన్నీ ఎక్కడివి? జొన్న, సజ్జ, కంది, శనగ, పల్లి, రాగులు పండించిన మనలాంటి రైతుల చేల నుంచి పోయినవే. మొక్కల చదువు లేకుంటే ఇవేవీ లేవు.

ఆ చదువుకు విలువ ఉంది. ఆ విలువ మన ఇంటికి చేరడం లేదు, అదే నా పేచీ. ఆ ప్రహరీ పక్కనే పుట్టి బాటనీ చదివిన పిల్లల్లో ఎందరికి అక్కడ గానీ, చుట్టూ వెలిసిన విత్తన కంపెనీల్లో గానీ చదువుకు తగిన పక్కా కొలువు దొరికింది? ఆ లెక్క బయటపెట్టమని అడగడానికి మనకు హక్కుంది.

ఇక నక్కవాగు చూడండి. డాక్టర్ కిషన్‌రావు లాంటివాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడితే ఆ వాగు గోస కోర్టుల దాకా పోయింది. స్వీడన్ పరిశోధకులు 2007లో పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేల్చారు. వాగు పక్క వరి వేర్లలోకి, పశువుల గడ్డిలోకి ఏం ఎక్కుతున్నదో చెప్పడానికి స్వీడన్ నుంచి మనిషి రావాలా? మొక్క నీళ్లతోపాటు ఏమేం పీల్చుకుంటుందో చదివిన మన పిల్లలు ఆ ఫ్యాక్టరీల్లోనే డబ్బాలకు లేబుళ్లు అంటిస్తున్నారు. మన నీళ్లు చెడగొట్టిన చోటే మన చదువు చౌకగా అమ్ముడుపోతోంది.

రాష్ట్రంలో 2,601 రైతువేదికలు కట్టారు. ఐదు వేల ఎకరాలకు ఒక ఏఈఓ అన్నారు. ఆ కొలువుకు బాటనీ పనికిరాదు, అగ్రికల్చర్ డిగ్రీయో డిప్లొమానో ఉండాలి. వ్యవసాయ విద్యార్థుల పొట్ట కొట్టమని మనం అడగడం లేదు, వాళ్లలోనూ నిరుద్యోగులు ఉన్నారు. కానీ ప్రతి మండలంలో మట్టి, నీరు, ఆకు, విత్తనం పరీక్షించే కేంద్రం పెడితే ఆ పనికి మొక్కల శాస్త్రం చదివినవాళ్లు చాలు. వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆరు నెలల శిక్షణ ఇచ్చి తీసుకోవచ్చు. మొలకెత్తని విత్తనం అమ్మినవాడిని పంట పోయాక వెతికే తిప్పలు కూడా తగ్గుతాయి.

అమెరికాలో అక్కడి ప్రభుత్వమే కాలేజీవారీగా, కోర్సువారీగా చదివినవాళ్లకు ఎంత అప్పు మిగిలింది, ఎంత సంపాదిస్తున్నారు అని లెక్క ప్రకటిస్తుంది. అక్కడా పిల్లలు చదువు అప్పుల్లో ఉన్నారు, కానీ చేరేముందు లెక్క చూసుకునే వీలుంది. మన దగ్గర కాలేజీ గేటు మీద ర్యాంకులు వచ్చిన నలుగురి ఫోటోలు ఉంటాయి. మిగతా వందల మంది ఏమయ్యారో ఏ గోడ మీదా రాయరు.

కాబట్టి మన సంఘం ప్రతి మండల శాఖా ఈసారి రెండు పనులు పెట్టుకోవాలి. ఒకటి, ఊరి కమిటీ సభ్యులు ఇల్లిల్లూ తిరిగి, పంట రుణం పేరున తెచ్చి చదువుకు పెట్టిన సొమ్ము ఎంతో రాయాలి. పేర్లు అక్కరలేదు, కోర్సు, ఖర్చు, ఇప్పటి జీతం చాలు. రెండోది సమాచార హక్కు దరఖాస్తు. ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. ప్రైవేటు కాలేజీ జవాబు ఇవ్వనంటుంది గనుక విశ్వవిద్యాలయానికీ ఉన్నత విద్యామండలికీ పెట్టండి. గత ఐదేళ్లలో ఈ జిల్లా కాలేజీల్లో బాటనీ ఉన్న కోర్సుల్లో ఎందరు చేరారు, ఎందరు పాసయ్యారు, రీయింబర్స్‌మెంట్ ఎంత మంజూరైంది, ఎంత బాకీ ఉంది, చదివినవాళ్ల ఉద్యోగాల లెక్క ఏదైనా ఉందా అని అడగండి. ఇంటర్ ఫలితాలు వచ్చి డిగ్రీ అడ్మిషన్లు మొదలయ్యేలోగా ఆ కాగితాలు మన చేతిలో ఉండాలి.