మా నెత్తురును ఎవరు దాచారు?

మా తండాలో ఒక యాడి రొమ్ములో గడ్డతో పెద్దాసుపత్రికి పోయింది. వెంట మేమూ పోయాం. తంబాకు నములుతావా, గుట్కా తింటావా, గుడుంబా తాగుతావా అని వరసపెట్టి అడిగారు. అన్నిటికీ లేదంది. చీటీ రాసే మనిషి నమ్మినట్టు కనబడలేదు. ఇరవై ఏండ్లు పత్తిచేన్లో మందు కలపడానికి బిందెలతో నీళ్ళు మోశానని, మందు కొట్టిన మూడో రోజే చేన్లో దిగి పత్తి ఏరానని, ఖాళీ డబ్బా కడిగి ఇంట్లో నూనె పోసుకున్నానని ఆమె చెప్పలేదు. ఎవరూ అడగలేదు కదా.

మన రోగాలకు మన అలవాట్లే కారణమనడం చదువుకున్నవాళ్ళకు అలవాటైపోయింది. తంబాకు క్యాన్సర్ తెస్తుంది, అందులో అబద్ధం లేదు. మానాల్సిందే. కానీ మన ఒంట్లోకి మనం నమిలింది ఒక్కటే పోలేదు. మలేరియా వాళ్ళు గోడలకు కొట్టిన డి.డి.టి. పోయింది. (కొట్టనివ్వకపోతే మొండి జనమన్నారు.) చీమలకని, పురుగులకని చల్లిన గమాక్సిన్ పొడి పోయింది. కోరుట్లలో ఉద్దెరకు తెచ్చి పత్తి మీద కొట్టిన ఎండోసల్ఫాన్ పోయింది. డి.డి.టి. లాంటివి కొవ్వులో చేరి ఏండ్ల తరబడి ఉంటాయి. తల్లి నుంచి కడుపులో బిడ్డకు, చనుబాలకు దిగుతాయి. చనుబాలు మానుమని కాదు మేమనేది. పాలపిండి అమ్మేవాళ్ళకు ఆ సందు ఇవ్వొద్దు.

ఇవి ఒంట్లో ఏం చేయగలవో బడిపిల్లలకు కూడా చెప్పొచ్చు. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను తాళంచెవి లాంటిది. రొమ్ము కణంలో దానికి సరిపడే తాళం ఉంటుంది. చెవి తిరిగితే కణం రెండు కావడానికి కదులుతుంది. రొమ్ము క్యాన్సర్లలో మూడింట రెండు వంతులకు పైగా ఈ తాళం ఉన్నవే. ఆ తాళంలో దొంగచెవి తిరిగితే? అమెరికాలో టఫ్ట్స్ యూనివర్సిటీలో అనా సోటో, కార్లోస్ సోనెన్‌షైన్ అదే చూశారు. ఈస్ట్రోజెన్ ఉంటేనే బాగా పెరిగే రొమ్ము క్యాన్సర్ కణాలు, అది పోయకుండానే పెరగసాగాయి. వెతికితే, ప్లాస్టిక్ గొట్టాల్లోంచి ఊరిన నోనైల్‌ఫినాల్ చేసిన పని అది. 1991లో ఆ సంగతి ప్రకటించారు. ఎండోసల్ఫాన్ కూడా ఆ కణాలను పెంచుతుందని 1994లో చూపించారు.

గాజుగిన్నెలో కణం వేరు, మనిషి వేరు. ఒప్పుకుంటాం. మా యాడికి గడ్డ ఎండోసల్ఫాన్ వల్లే లేచిందని మేము అనలేం. ఎందుకు అనలేమో చూడండి.

కాలిఫోర్నియాలో ఓక్లాండ్ వైపు 1959 నుంచి 1967 దాకా గర్భిణుల దగ్గర తీసిన నెత్తురును చల్లటి పెట్టెల్లో భద్రంగా దాచారు. దశాబ్దాల తర్వాత బార్బరా కోన్ బృందం దాన్ని పరీక్షించింది. 14 ఏండ్లలోపే డి.డి.టి. తగిలినవాళ్ళలో, నెత్తురులో అది ఎక్కువ ఉన్నవాళ్ళకు, 50 ఏండ్లు రాకముందే రొమ్ము క్యాన్సర్ వచ్చే ముప్పు ఐదు రెట్లని 2007లో చెప్పింది. కడుపుతో ఉన్నప్పుడు డి.డి.టి. ఎక్కువ ఉన్న తల్లుల కూతుళ్ళకు ఆ ముప్పు దాదాపు నాలుగు రెట్లని 2015లో తేల్చింది. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం గమాక్సిన్‌లోని లిండేన్‌ను క్యాన్సర్ తెచ్చేవాటిలో, డి.డి.టి.ని బహుశా తెచ్చేవాటిలో చేర్చింది.

మా నెత్తురును ఎవరు దాచారు? జగిత్యాల పక్కన పొలాసలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. ఏ మందు ఎంత కొడితే పురుగు చస్తుందో అలాంటి చోట్ల లెక్కలుంటాయి. కొట్టినవాడి ఒంట్లో, నీళ్ళు మోసినదాని ఒంట్లో ఎంత మిగిలిందో ఆ లెక్క ఎవరు తీయాలి? ఎవరూ వెతకకుండానే "రుజువు లేదు" అంటే మేము ఒప్పుకోం. కేరళలో కాసరగోడ్ జీడిమామిడి తోటల మీద ఎండోసల్ఫాన్‌ను హెలికాప్టర్లతో కొట్టారు. అక్కడి జనం రోగాల లెక్క తీసి పోట్లాడారు. 2011 మే 13న సుప్రీంకోర్టు ఆ మందును దేశమంతా ఆపింది. అదే మందును మనం వీపు మీద పంపుతో కొట్టాం. మన లెక్క ఏ కోర్టు గడపా తొక్కలేదు.

ఇక సిరిసిల్ల. బట్ట కడగడానికి, అద్దకానికి వాడే ఒక రకం సబ్బు రసాయనాలు విరిగితే, ఇందాక చెప్పిన నోనైల్‌ఫినాలే మిగులుతుంది. బట్టల తయారీలో వాటి వాడకాన్ని యూరప్ 2005 నుంచే కట్టడి చేసింది. మన తండాల పిల్లలు సాంచాల మీద, అద్దకం దగ్గర పనికి పోతున్నారు. ఏ డ్రమ్ములో ఏముందో వాళ్ళకు చెప్పేవాళ్ళు లేరు. డ్రమ్ము మీది పేరు ఫోన్లో ఫోటో తీసుకురమ్మని చెప్తున్నాం.

టీచర్లను, చదువుకున్న తమ్ముళ్ళను, చెల్లెళ్ళను మేము అడిగేది పెద్ద పనేం కాదు. వీర్నపల్లి తండాల్లో, జగిత్యాల వైపు నాయకపోడు గూడేల్లో బడి ఉన్న ప్రతిచోటా ఒక నోటుబుక్కు పెట్టండి. ఎవరి చేను, ఏ మందు, ఏ నెల, ఎవరు కొట్టారు, నీళ్ళు ఎవరు మోశారు, ఆ ఇంట్లో ఎవరికి ఏ రోగం. ఇంటివాళ్ళు ఒప్పుకుంటేనే రాయండి, పేర్లు బయటికి పోనీయకండి. ఆసుపత్రి చీటీలో తంబాకు గడి పక్కన "ఏ మందు కొట్టావు" అనే గడి కూడా పెట్టమని అందరం కలిసి అడుగుదాం.

మొన్న ఆ యాడి దగ్గర కూర్చుని మేమూ రాశాం. పదకొండు మందులు చెప్పింది. కొన్నిటికి పేర్లు గుర్తులేవు, డబ్బా రంగు చెప్పింది. మా నోటుబుక్కులో మొదటి పేజీ ఆమెదే.